అల్ట్రా వైడ్ లెన్స్ ఎంపిక: 10-18 దగ్గర ఆగాను

మే

కొత్తగా అల్ట్రా వైడ్ లెన్స్ (బాగా వెడల్పైన దృశ్యాన్ని పట్టేది) కొనే ముందు లైట్‌రూమ్‌ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో నా పాత ఫోటోలన్నీ ఫోకల్ లెంగ్త్ (మి.మీ.లో చెప్పే కొలత, అది తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పవుతుంది) ప్రకారం వేరు చేసి చూశాను. బెంగళూరు దగ్గరి రామనగర బండలు, నంది కొండ అంచులు, హెసరఘట్ట గడ్డి మైదానం... ల్యాండ్‌స్కేపుల్లో చాలావరకు 18 మి.మీ. దగ్గర తీసినవే. కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ అక్కడితో ఆగిపోతుంది కాబట్టి నేనూ ఆగిపోయానన్నమాట. మీరు కూడా ముందు ఈ పని చేయండి. 24, 35 దగ్గరే ఎక్కువ తీస్తుంటే ఈ ఖర్చు అక్కర్లేదు.

నా కెమెరా కెనాన్ 200డీ. చూసిన లెన్సులు నాలుగు (అంకెలు ఫోకల్ లెంగ్త్, మి.మీ.లో): కెనాన్ 10-18, కెనాన్ 10-22, టోకినా 11-16, సిగ్మా 8-16. సిగ్మా ముందు గాజు బయటికి ఉబ్బి ఉంటుంది, ఫిల్టర్ బిగించే వీల్లేదు. అందుకే ముందే పక్కన పెట్టేశాను. టోకినా ఎఫ్/2.8 (ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ లెన్స్ లోపలికి వెలుతురు ఎక్కువ వస్తుంది) మీద మనసు చాలా రోజులు లాగింది. అది నక్షత్రాలకు బాగా పనికొచ్చే లెన్స్. కానీ బెంగళూరు చుట్టుపక్కల రాత్రి ఆకాశం వెలుతురుతో నిండిపోయి ఉంటుంది, పైగా ఆ లెన్స్ బరువు 560 గ్రాములు. 10-18 బరువు 240 గ్రాములే. కొండెక్కేటప్పుడు ఆ తేడా భుజానికి బాగా తెలుస్తుంది.

జూన్

10-18 అద్దెకు తీసుకుని సావనదుర్గ కొండకు వెళ్లాం. 18 దగ్గర మూల నుంచి మూలకు 74 డిగ్రీలు కనిపిస్తే, 10 దగ్గర 107 డిగ్రీలు. కింద నిలబడి కొండకేసి ఒకటి తీసి చూపిస్తే మా బావమరిది, "బావా, ఇంత కొండ గుట్టైపోయిందేంటి?" అన్నాడు. సరిగ్గా అదే అసలు సంగతి. అల్ట్రా వైడ్ దూరంగా ఉన్నదాన్ని చిన్నది చేస్తుంది, కాళ్ల దగ్గరున్నదాన్ని పెద్దది చేస్తుంది. అంతా ఒకే ఫ్రేమ్‌లో పట్టించడానికే దీన్ని కొంటే మిగిలేది ఖాళీ ఆకాశం, ఖాళీ నేల.

బండ మీద వాన నీళ్లు నిలిచిన చిన్న దొన కనిపించింది. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా పరిచి, కెమెరాను మూరెడు ఎత్తులో పెట్టాను. దొన అంచున ఎండిన నాచు, నీళ్లలో మబ్బు, వెనక కొండ. రెండడుగులు వెనక్కి జరిగితే చాలు, దొన కాస్తా మరకలా తేలిపోయింది. నా నిర్ణయం అక్కడే అయిపోయింది: నాకు కావాల్సింది ఎఫ్/2.8 కాదు, దగ్గరికి వెళ్లగలగడం. 10-18 కనీస ఫోకస్ దూరం 22 సెంటీమీటర్లు.

ఫోకస్ సంగతి కాస్త వివరంగా రాస్తాను. ఈ లెన్స్ మీద దూరం స్కేల్ లేదు. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద చూస్తూ) మీటరు దూరంలో ఉన్న రాయి మీద ఆటోఫోకస్ చేసి, తర్వాత మాన్యువల్‌కి మార్చేస్తాను. 10 మి.మీ., ఎఫ్/8 దగ్గర సుమారు 40 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా షార్ప్‌గా వస్తుంది. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలోంచి వెళ్లే వెలుతురు చెదరడం) వల్ల మొత్తం మెత్తబడుతుంది, ఆ జోలికి పోను.

జులై

సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మౌంట్ (కెమెరాకి బిగించే భాగం) ప్లాస్టిక్‌దే, ఇంత తేలిక లెన్స్‌కి అది నాకు లోపంగా అనిపించలేదు. కొనే ముందు వెనక నుంచి టార్చ్ వేసి ఫంగస్ ఉందేమో చూశాను. తర్వాత ఇటుక గోడకు ఎదురుగా నిలబడి ఫోటో తీసి నాలుగు మూలలూ పోల్చాను. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగిందని అనుమానించాలి. వానాకాలం కాబట్టి ఇంట్లో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెడుతున్నాను.

పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) 67 మి.మీ. సన్న అంచుది తీసుకున్నాను, మందపాటి అంచైతే 10 దగ్గర మూలలు నల్లబడతాయి. 58-67 స్టెప్ అప్ రింగ్ (చిన్న లెన్స్ మూతికి పెద్ద ఫిల్టర్ బిగించే రింగు) వేస్తే అదే కిట్ లెన్స్‌కీ సరిపోతుంది. అయితే ఇంత వెడల్పులో నీలాకాశం ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క లేతగా వస్తుంది. అందుకే దాన్ని తడి బండల మీద, నీళ్ల మీద మెరుపు తగ్గించడానికే వాడుతున్నాను.

తర్వాత ఎన్‌డీ ఫిల్టర్ (లోపలికి వచ్చే వెలుతురు తగ్గించేది) కొనాలి. వానలు తగ్గాక మంచనబెలె జలాశయం దగ్గర దాన్ని వాడి చూస్తాను.