315 వాట్ల ఎండ

అక్టోబరు దాటిందంటే మా షాపులో ఊపిరాడదు. టొరంటో చుట్టుపక్కల డిసెంబరు చివర్లో పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు, సాయంత్రం ఐదు కొట్టకముందే చీకటి. మొక్కలు పెంచేవాళ్లంతా కుండీలు ఇంట్లోకి చేర్చి లైట్ల కోసం మా మీద పడతారు. నేను చదువుకుంటూ ఈ హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా నీళ్లలో మొక్కలు పెంచే పద్ధతి) షాపులో పని చేస్తున్నాను, వారానికి ఇరవై నాలుగు గంటలు. 2024 నవంబరు నుంచి కెనడాలో స్టూడెంట్లకి బయట పని పరిమితి అంతే. ఒంగోలు నుంచి నాన్న ఫోన్ చేసి "ఏం షాపురా?" అంటే "లైట్ల షాపు నాన్నా" అన్నాను. అబద్ధమేం కాదు. కాకపోతే ఆ లైట్ల కింద ఎక్కువమంది పెంచేది గంజాయి. ఇక్కడ 2018 అక్టోబరు 17 నుంచి అది చట్టబద్ధం. ఒంటారియోలో ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు. ఏజెన్సీలో గంజాయి పట్టివేత అని పొద్దున్నే పేపర్లో చదివే మనిషికి ఈ ముక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో నాకింకా తెలియలేదు.

కొనడానికొచ్చినవాళ్లు ముందడిగేది "ఎన్ని వాట్లు?" అని. నేను తిరిగి అడిగేది గది గురించి: పొడవు వెడల్పులు ఎంత, సీలింగ్ ఎంత ఎత్తు, జనవరిలో అక్కడ చలెంత? సిరామిక్ మెటల్ హాలైడ్ బల్బు, అందరూ సీఎంహెచ్ అనేది, కొనాలో వద్దో తేల్చేది ఆ మూడోదే.

దాని గొప్ప అంతా లోపల వెలుగు పుట్టే చిన్న గొట్టంలో ఉంది. పాత మెటల్ హాలైడ్‌లో అది క్వార్ట్జ్‌ది, ఇందులో అల్యూమినా సిరామిక్‌ది. వీధి దీపాల్లో కనిపించే పసుపు సోడియం లైట్లలో ఎప్పటినుంచో వాడుతున్న పదార్థమే. దాన్ని మెటల్ హాలైడ్‌కి పనికొచ్చేలా చేసి ఫిలిప్స్ 1994లో మార్కెట్లోకి తెచ్చింది. ముందు వాడింది బట్టల కొట్ల షోకేసుల్లో. సిరామిక్ ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది, అందుకే నెలలు గడిచినా వెలుగు రంగు పెద్దగా మారదు. మొక్కల వాళ్లు వాడేది ముఖ్యంగా 315 వాట్లది. దాని మీద 930 అనో 942 అనో ఉంటుంది. ముందున్న తొమ్మిది, రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. తర్వాతి రెండూ వెలుగు ఛాయ: 30 అంటే సుమారు 3,000 కెల్విన్, కాస్త ఎరుపు తిరిగిన తెలుపు, పూతకి బాగుంటుంది. 42 నీలం వైపు. నారు దశలో మొక్క సాగిపోకుండా గిడసగా ఉంచుతుంది. రెండూ కొనలేనివాళ్లకి నేనిచ్చేది 930యే.

షాపు వెనకాల ఒక సోడియం లైటు, ఒక సీఎంహెచ్ పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఎర్రనల్లి పట్టిన ఆకు దొరికితే నేను పారెయ్యను, దాచిపెడతాను. సోడియం కింద పెడితే అంతా ఒకటే పసుపు, ఆకు బాగానే ఉందనిపిస్తుంది. అదే ఆకుని రెండడుగులు పక్కకి జరిపి సీఎంహెచ్ కింద తిప్పి చూపిస్తే పైన పొడి చల్లినట్టు తెల్లచుక్కలు, అడుగున ఈనెల సందుల్లో సన్నటి గూడు, అందులో కదిలే పురుగులు. ఇది చూశాక నేను వేరే ఏం చెప్పక్కర్లేదు.

అలాగని ఇది అందరికీ కాదు. తిన్న కరెంటుకి ఇచ్చే వెలుగు లెక్కలో ఎల్ఈడీ దీన్ని ఎప్పుడో దాటేసింది. ఒక జౌల్ కరెంటుకి సీఎంహెచ్ ఇచ్చేది, మొక్కలకి పనికొచ్చే వెలుగు కొలతలో, రెండు మైక్రోమోల్‌ల లోపే, ఇప్పటి మంచి ఎల్ఈడీ రెండున్నర పైనే ఇస్తుంది. మరి ఎందుకు అమ్ముతున్నామంటే, చల్లటి బేస్‌మెంట్ ఉన్నవాడికి ఆ వేడి కూడా పనికొచ్చేదే కాబట్టి. 315 వాట్లది బ్యాలస్ట్‌తో (మన ట్యూబ్‌లైట్ చోక్ లాంటిది) కలిపి సుమారు 340 వాట్లు లాగుతుంది. పన్నెండు గంటలు వేస్తే రోజుకి నాలుగు యూనిట్లు, నెలకి నూట ఇరవై పైచిలుకు. ఒంటారియోలో వేళని బట్టి ధర మారే మామూలు టైమ్-ఆఫ్-యూజ్ ప్లాన్‌లో రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా కరెంటు చవక. గంజాయి పూతకి కావలసింది పన్నెండు గంటల వెలుగు, పన్నెండు గంటల చీకటి. కాబట్టి ఇక్కడి బేస్‌మెంట్లలో సూర్యుడు రాత్రి ఏడింటికి ఉదయిస్తాడు. చలి ముదిరే వేళకి గది వెచ్చగా ఉంటుంది, హీటరు ఖర్చు కొంత కలిసొస్తుంది. ఎండాకాలంలో మాత్రం అదే వేడి బయటికి తోలడానికి ఫ్యాను, ఏసీ కావాలి. అప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది.

మనవాళ్లు కూడా వస్తారు, ఎక్కువగా కరివేపాకు గొడవతో. ఓసారి గుంటూరావిడ ఒకరు నా మాట యాస పట్టేసి తెలుగులోకి దిగిపోయారు.

"ఇది పెడితే కరివేపాకు రాలదా బాబూ?"

"రెండు కుండీలకి ఇంత లైటు దండగ ఆంటీ. నలభై వాట్ల ఎల్ఈడీ చాలు. ముందు కుండీలు కిటికీ దగ్గర్నుంచి తీసెయ్యండి, సగం ఆకు చలికే రాలుతోంది."

"మరి గోంగూరో? ఒక టబ్బు నిండా వేశాను."

"దానికి పదహారు గంటలు వెలగనివ్వాలండీ. పన్నెండు గంటలకే ఆపేస్తే పూతకొచ్చేస్తుంది, ఇంక ఆకు రాదు."

"ఇవన్నీ నీకెలా తెలుసయ్యా, అగ్రికల్చర్ బీఎస్సీ చేశావా?"

"లేదాంటీ, కంప్యూటర్స్."

పగలు తగ్గితే పూతకొచ్చే గుణం గోంగూరకీ గంజాయికీ ఒకటే. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆవిడకి చెప్పలేదు. చేతివేళ్లలా చీలిన ఆకులో కూడా పోలిక ఉంది, ఇంట్లో నా గోంగూర ఫోటో చూసి ఇక్కడి కుర్రాడొకడు "ఇది ఏ రకం గంజాయి?" అని సీరియస్‌గా అడిగాడు. ఆవిడ చిన్న ఎల్ఈడీ పట్టుకెళ్లారు. ఓనరు నా వైపు ఓ చూపు చూశాడు.

సీఎంహెచ్ నిజంగా పనికొచ్చేది ఇంట్లో మొక్కల కోసం వేసే మూడడుగులకి మూడడుగుల టెంటు నిండా మొక్కలున్నవాళ్లకి. చిగుళ్లకి రెండు, మూడు అడుగుల పైన వేలాడదీయాలి. బ్యాలస్ట్ దీనికి వేరే ఉంటుంది: తక్కువ ఫ్రీక్వెన్సీ స్క్వేర్ వేవ్ రకం. సోడియం లైట్ల హై ఫ్రీక్వెన్సీ బ్యాలస్ట్‌కి తగిలిస్తే లోపలి మంట ఊగిపోతుంది, గొట్టం పగిలినా పగులుతుంది. గాజుని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడవాలి. బల్బు నుంచి కొంత అల్ట్రావయొలెట్ వస్తుంది, టెంట్లో తల పెట్టేముందు దాన్ని ఆపే కళ్లద్దాలు ఉండాల్సిందే. ఇక ఇక్కడి ఇళ్లలో ఒక మామూలు సర్క్యూట్ 120 వోల్టులు, 15 ఆంపియర్లు. గంటల తరబడి వాడేదానికి అందులో ఎనభై శాతమే లెక్క, అంటే 1,440 వాట్లు. నాలుగు సీఎంహెచ్‌లు పెడితే సరి, అదే లైనులో హీటరు కూడా కలిపేవాళ్లకి నేను బల్బు అమ్మే ముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను.

ఇప్పుడు ఎల్ఈడీకి మారినవాళ్లు పాత సెట్లు చవగ్గా అమ్మేస్తున్నారు. డబ్బులు తక్కువున్న స్టూడెంట్లకి నేను అవే చూసుకోమంటాను. వెళ్లినప్పుడు స్విచ్ వేయించి పది నిమిషాలు ఆగాలి. పూర్తి వెలుగు రావడానికి ఎలాగూ కొన్ని నిమిషాలు పడుతుంది. వెలుగు వణుకుతున్నా, రంగు తేడాగా ఉన్నా బల్బు అయిపోవచ్చినట్టే, బ్యాలస్ట్ వరకే బేరమాడాలి. ఆర్పి వెంటనే మళ్లీ వేస్తే వెలగదు, అది చెడిపోవడం కాదు. చల్లారడానికి పావుగంట పడుతుంది. ఇది తెలియక మంచి బ్యాలస్ట్ వదిలేసి వచ్చినవాళ్లున్నారు. అయిపోయిన బల్బులో పాదరసం ఉంటుంది, చెత్తబుట్టలో వెయ్యకుండా సిటీ వాళ్ల ప్రమాదకర వ్యర్థాల డిపోలో ఇచ్చెయ్యాలి.