సుడోతో మాత్రమే తెరుచుకున్న పోర్టు

మైక్రోకంట్రోలర్ బోర్డులోకి ప్రోగ్రామును ఎక్కించే సాఫ్ట్‌వేర్ నా ఉబుంటు (లినక్స్) కంప్యూటరులో సుడోతో, అంటే నిర్వాహకుడి అధికారంతో, నడిపితే చక్కగా పనిచేసేది, మామూలుగా తెరిస్తే బోర్డును కలిపే పోర్టుకు అనుమతి లేదంటూ ఆగిపోయేది. సుడోతోనే నెట్టుకొచ్చిన రెండు రోజుల్లో నేను భద్రపరచిన ప్రాజెక్టు ఫైళ్లన్నీ రూట్ అనే నిర్వాహక ఖాతా పేరిట చేరి, నా సొంత ఫైళ్లనే నేను మార్చలేని స్థితి వచ్చినప్పుడు నిజంగా బాధ కలిగింది.

నిన్న రాత్రి ఓపికగా కూర్చుని ఆ పోర్టు వివరాలు చూస్తే, దాని యజమాని రూట్, గ్రూపు డయలౌట్ (ఇలాంటి పోర్టులు వాడే ఖాతాల గ్రూపు), అనుమతులు 660 అని తేలింది. అంటే ఆ గ్రూపులో ఉన్నవారికి చదివే, రాసే హక్కు ముందే ఉంది, నేను అందులో లేను, అంతే. అందరికీ 777, అంటే పూర్తి అనుమతులు, ఇచ్చేయమనే సలహాను నేను ఒప్పుకోను, పైగా బోర్డును తీసి మళ్లీ పెడితే ఆ మార్పు నిలవదు.

ఖాతా వివరాలు మార్చే యూజర్‌మాడ్ ఆదేశంతో డయలౌట్‌లో చేరాను. ఆ ఆదేశంలో పెద్ద జీ (G) ముందు చిన్న ఏ (a) తప్పనిసరి, అంటే -aG. అది మరిచిపోతే మిగతా గ్రూపుల నుంచి, సుడో గ్రూపు నుంచి కూడా మన పేరు తొలగిపోతుంది. లాగౌట్ చేసి తిరిగి వచ్చాక, యజమానిని మార్చే చోన్ ఆదేశంతో ఫైళ్లను నా పేరిట మార్చుకున్నాక, సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ అడగకుండానే బోర్డుతో మాట్లాడింది.