పదిహేడో పేరు

ఇంట్లో చావు జరిగితే ఏడాది తిరిగేదాకా కొండ ఎక్కకూడదంటారు మా వైపు. అమ్మ పోయిన ఆ ఏడాదంతా తిరుపతిలో బస్సు దిగినప్పుడల్లా ఒకసారి తలెత్తి కొండను చూసి, నా పని మీద నేను వెళ్లిపోయేదాన్ని. సంవత్సరీకం అయిన పదో రోజున, తెల్లవారుతుండగా అలిపిరిలో మొదటి మెట్టుకు దండం పెట్టాను. మోకాళ్లు సహకరించక నాన్న బస్సెక్కారు.

చంద్రగిరి అవతల ఒక పల్లెలో అమ్మ టీచరు. అయిదు తరగతులు, ఒకే గది, ఒకే నల్లబల్ల, ఒకే టీచరమ్మ. ఏటా పరీక్షలైపోయి వేసవి సెలవులు ఇవ్వగానే తమ్ముణ్ణీ నన్నూ కొండకు నడిపించేది. మాకు శ్రీవారి మెట్టు దగ్గర. అటు ఎక్కితే సుమారు 2,400 మెట్లతో పోతుంది. అలిపిరి వైపు 3,550, తొమ్మిది కిలోమీటర్ల నడక. ఇంత చుట్టు తిరుగుడు ఎందుకని తమ్ముడు గొణిగేవాడు. "గాలిగోపురం దాటాక చదునుగా ఉంటుందిరా, మాట్లాడుకుంటూ నడవచ్చు" అనేది. మాట్లాడుకోవడమంటే ఎక్కాలు అప్పజెప్పడమని మాకు తెలుసు. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అని ఏడూ ఒక గుక్కలో చెప్పాలి. వృషభాద్రి దగ్గర తమ్ముడికి ఎప్పుడూ నాలుక మడతపడేది. మళ్లీ మొదటి నుంచి.

గాలిగోపురం వరకు ఎక్కడమే ఎక్కడం. సగానికి పైగా మెట్లు అక్కడికే అయిపోతాయి. ఈసారి నాలుగు చోట్ల కూర్చున్నాను. అమ్మ ఉంటే రెండో చోటే కసిరి లేపేది.

అయిదో తరగతి వరకు నేను చదివింది ఆమె దగ్గరే. బడిలో 'అమ్మా' అని పిలవకూడదు. మూడో తరగతిలో ఒకరోజు ఒళ్లు కాలిపోతుంటే నోరు జారి "అమ్మా, నీళ్లు" అన్నాను. "టీచర్ అను" అంది. అన్నాకే ఇచ్చింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. సాయంత్రం ఊరి పొలిమేర దాటగానే నన్ను వీపున ఎక్కించుకుని ఇల్లు చేరేదాకా దించలేదు. న్యాయంగా అదీ చెప్పాలి.

మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిటారుగా లేస్తాయి. కొందరు అక్కడ మోకాళ్ల మీదే ఎక్కుతారు. అమ్మ ఏటా అక్కడ ఆగి అన్నమయ్య కథ చెప్పేది. పిల్లవాడుగా కొండకు వస్తూ ఆయన అక్కడే అలసి పడిపోయాడట. అలమేలుమంగమ్మ కనిపించి, కాళ్లకున్న చెప్పులు విప్పి ఎక్కమందట. ఆయన అక్కడికక్కడే ఆ తల్లి మీద శతకం చెప్పాడట. "చూశారా, ఎత్తుకుని తీసుకెళ్లలేదు. ఎలా ఎక్కాలో చెప్పింది. ఆమె అసలైన టీచరమ్మ" అని అమ్మ వ్యాఖ్యానం. నాకు మాత్రం ఎత్తుకుని ఉంటే బాగుండుననిపించేది.

ఆ మెట్ల మీద అమ్మ పెదవులు కదులుతూ ఉండేవి. నామజపం అనుకునేదాన్ని. ఒకసారి దగ్గరగా నడుస్తూ వింటే అది హాజరు పట్టీ! మెట్టుకొక పిల్లవాడు, లేదా పిల్ల. ఆ ఏడాది బడిలో ఉన్నవాళ్లందరినీ వరుస తప్పకుండా కొండెక్కించేది.

ఈసారి నేనూ మొదలుపెట్టాను. నా మూడో తరగతి నాటి పట్టీలో ముప్పై ఒక్క పేర్లు. రోజూ విన్న వరుస కనుక పదహారు దాకా తడుముకోకుండా వచ్చాయి. పదిహేడు దగ్గర ఆగిపోయాను. పద్దెనిమిది గుర్తుంది, పదిహేడు రాదు. అక్కడే నిలబడిపోయాను. వంగి వంగి ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వస్తున్న ఒక పెద్దావిడ కూడా "గోవిందా" అంటూ నన్ను దాటిపోయింది.

దర్శనం సంగతి ఏం చెప్పను? గంటలకొద్దీ నిలబడి, రెప్పపాటు చూసి, బయటపడ్డాం. ఆకలితో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనానికి వెళ్లాం. అమ్మ పుట్టిల్లు వాయల్పాడు వైపు. అందుకని తరిగొండలో పుట్టిన వెంగమాంబను "మా ఊరి పిల్ల" అనేది, రెండు వందల ఏళ్ల తేడాను లెక్కచేయకుండా. భర్త పోయినా తల తీయించుకోనని ఊరినంతా ఎదిరించి, కొండకు చేరి కావ్యాలు రాసిన మనిషి. అమ్మకు ఆమె కవిత్వం కంటే ఆ మొండితనమే ఎక్కువ ఇష్టమని నా అనుమానం.

"మీ అమ్మ నాతో పోట్లాడినా చేతిలో సుద్దముక్క ఉన్నట్టే ఉండేది" అన్నారు నాన్న, విస్తరిలో చక్కెర పొంగలి పక్కకు జరుపుతూ. చక్కెర జబ్బు. ఆ జరపడం కూడా అమ్మ నేర్పిందే.

పదిహేడో పేరు అడిగాను.

ఆయన ఆలోచించనే లేదు. చెప్పేశారు. "మేకలు కాసేవాడు కదమ్మా. వాణ్ణి బడికి పంపమని అడగడానికి మీ అమ్మను సైకిలు మీద ఏడుసార్లు తీసుకెళ్లాను. ఏడోసారి చీకట్లో పంక్చరైంది. నేను సైకిలు తోస్తూ, ఆమె టార్చి పట్టుకుని, ఇంటికొచ్చేసరికి పది."

"వచ్చాడా మరి?"

"రాలేదు. ఆ ఏడాది ఆఖరు దాకా పట్టీలోంచి వాడి పేరు మాత్రం తీసేయలేదు. రోజూ పిలిచేదట."

పిలిచేది. అప్పుడు గుర్తొచ్చింది. పదహారో పేరుకు నా పక్క పిల్ల "హాజరు" అనేది. ఆ తరువాత అమ్మ ఒక పేరు చదివి, తలెత్తి తలుపు వైపు చూసేది. గదిలో ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు. ఆ తరువాతే పద్దెనిమిది.