ఆ తలుపు కొట్టాలా, వద్దా

2013 ఎండాకాలం. బీటెక్ మూడో సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. నల్లగొండ రామగిరిలో రేకుల గది, నెలకి 1200 అద్దె. మధ్యాహ్నం రేకులు కాగితే గదిలో ఉండలేం, కరెంటు పోతే బయటా ఉండలేం. ఆ రోజుల్లో ఒక ఫ్రెండు పెన్‌డ్రైవ్‌లో ఏదో తెచ్చి, "జపాన్ బొమ్మల కథ, టైంపాస్‌కి చూడు" అని నా డొక్కు కంప్యూటర్లో వేసిపోయాడు. దాని పేరు కతావా షోజో.

ఇలాంటివాటిని విజువల్ నావెల్ అంటారు. తెర మీద బొమ్మ ఉంటుంది, కింద మాటలు వస్తుంటాయి, మనం నొక్కుతూ చదువుకుంటూ పోవడమే. కంప్యూటర్ ఆటే గానీ, తుపాకులతో కాల్చుకోవడాలూ దూకడాలూ ఉండవు. ఎప్పుడో ఒకసారి ఆగి, ఇదా అదా అని అడుగుతుంది. మనం ఎంచుకున్నదాన్ని బట్టి కథ ఒక దారిలో పోతుంది.

పేరుకు అర్థం తర్వాత తెలిసింది. కతావా అంటే అవిటివాళ్ళను కించపరిచే మాటట. మన దగ్గర ఒక నవలకు 'కుంటి పిల్ల' అని పేరు పెడితే ఎలా ఉంటుంది, అలా. రాయిటా అనే జపాన్ బొమ్మల ఆయన ఎప్పుడో గీసిన ఒక పేజీ నెట్‌లో తిరిగితే, అది చూసి 2007లో ఎవరెవరో దేశానికొకరు కలిశారు. ఫోర్ లీఫ్ స్టూడియోస్ అని పేరు పెట్టుకుని, ఐదేళ్ళు రాసి గీసి, 2012 జనవరి 4న ఫ్రీగా వదిలారు. చేసినవాళ్ళలో చాలామంది జపాన్ వాళ్ళు కూడా కాదు.

కథ మంచులో మొదలవుతుంది. హిసావో అనే కుర్రాడికి ఒక అమ్మాయి ప్రేమిస్తున్నానని చెప్పబోతుంది, ఆ క్షణాన వీడి గుండె లయ తప్పి కూలిపోతాడు. నెలల తరబడి ఆసుపత్రి. మొదట్లో వచ్చిన ఫ్రెండ్స్ తగ్గిపోతారు, ఆ అమ్మాయీ రావడం మానేస్తుంది. తర్వాత యమాకు అనే స్కూల్లో చేర్పిస్తారు. అక్కడ రెండు కాళ్ళు తెగిపోయినా కృత్రిమ కాళ్ళతో పరిగెత్తే అమ్మాయి ఉంది. చేతులు లేక కాళ్ళతో బొమ్మలు వేసే అమ్మాయి, కళ్ళు కనిపించని అమ్మాయి, వినపడక చేతుల సైగలతోనే క్లాసునంతా ఏలే అమ్మాయి ఉన్నారు. ఇంకా హనాకో ఉంది.

మొదటిసారి ఆడినప్పుడు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడకుండా అటూ ఇటూ నొక్కాను. చివరికి కెంజీ అనే పిచ్చి ఫ్రెండుతో మేడ మీద మందు తాగి, కిందపడి చచ్చిపోయాను. కథ అయిపోయింది. ఆ రోజు పడీపడీ నవ్వాను. ఏ అమ్మాయినీ పట్టించుకోకపోతే ఇంతేనా అని.

రెండోసారి హనాకో వెంట వెళ్ళాను. ఆమె లైబ్రరీలో ఒక మూల కూర్చుని చదువుకుంటుంది. ఎవరైనా పలకరిస్తే లేచి పారిపోతుంది. చిన్నప్పుడు ఇల్లు తగలబడి అమ్మానాన్న పోయారు, ఆమెకి ఒళ్ళు ఒకవైపు కాలింది. ఆ వైపు ముఖం మీదకి జుట్టు వేసుకుంటుంది.

ఆ జుట్టు దగ్గర నేను దొరికిపోయాను. నావి గారపళ్ళు. మా జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. మర్రిగూడ వైపు ఊరు మాది. మా బోరింగు నీళ్ళలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పుస్తకాల్లో ఉంటుంది, దాటితే ఏమవుతుందో మా వీధిలో నడిచినవాళ్ళకి కనిపిస్తుంది. ఆ నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటికా సున్నం కలిపే పద్ధతి ఒకటి ఉంది, దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. జిల్లాకి ఇంకే పేరూ రాలేదన్నట్టు! నేను ఇప్పటికీ గ్రూప్ ఫొటోలో నోరు మూసుకునే నవ్వుతాను.

నాకు పళ్ళతో పోయింది. మా అక్కకి ఎముకల దాకా వెళ్ళింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నాకు ఆరేళ్ళప్పుడు, మగపిల్లాడు చదువుకోవాలని మిర్యాలగూడలో మేనమామ ఇంటికి పంపారు. అక్కడ సాగర్ ఎడమ కాలువ నీళ్ళు. అక్కను ఇంటి దగ్గరే ఉంచుకున్నారు, అమ్మకి పనిలో సాయంగా. నేను కాలువ నీళ్ళు తాగి పెరిగాను, తను బోరింగు నీళ్ళు తాగి పెరిగింది. పదో తరగతికి వచ్చేసరికి అక్క కాళ్ళు మోకాళ్ళ కింద వంకర తిరిగాయి, నడుము బిగుసుకుపోయింది.

దానికి ప్రాయశ్చిత్తం అనుకున్నానో ఏమో, ఊహ తెలిసినప్పటినుంచీ, ఇంటికి వచ్చినప్పుడల్లా అక్క పనులన్నీ నేనే మీద వేసుకునేవాణ్ణి. ఒక్కదాన్నే బస్సు ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. అంగట్లో దారం రంగు కూడా నేనే చెప్పేవాణ్ణి. అక్క జాకెట్లు కుడుతుంది, దారం సంగతి నాకేం తెలుసు?

2012లో వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి అక్కను తీసుకెళ్ళాను. పొద్దున్నుంచి లైను. మా వంతు వచ్చేసరికి రెండు దాటింది. డాక్టరు గారు కాగితం చూస్తూ, "పేరు?" అన్నారు. నేను చెప్పాను. "వయసు?" నేను చెప్పాను. "నొప్పి ఎక్కడమ్మా?" అని ఆయన తలెత్తి అక్క వైపే చూసి అడిగారు. "మోకాళ్ళలో సార్" అన్నాను నేను. ఆయన రాసుకున్నారు. తిరుగు బస్సులో అక్క ఒక్కటే మాట అన్నది, "కిటికీ పక్కకు నేను కూసుంట" అని. దిగేదాకా ఇంకేం మాట్లాడలేదు. ఎండకి అలసిపోయింది అనుకున్నాను.

మళ్ళీ హనాకో దగ్గరికి వద్దాం. పుట్టినరోజు దగ్గరపడితే ఆమె గదిలో తలుపు వేసుకుని ఎవరికీ కనబడదు. హిసావోకి టెన్షన్. ఆమెను కాపాడాలి, ఆమెకి తను తప్ప ఎవరున్నారు అని అనుకుంటాడు. కథలో నేను ఎంచుకుంటూ వచ్చినవన్నీ ఆ వరసే. వెళ్ళు, అడుగు, పక్కనే ఉండు, వదలకు. పాయింట్లు ఉంటే నూటికి నూరు నావే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. రెండు గంటలు గడప మీద కూర్చున్నాను. వచ్చాక సేవ్ చేసిన చోటు నుంచి మళ్ళీ నొక్కుకుంటూ వెళ్ళాను. హనాకో అరిచింది. ఆటంతా నత్తినత్తిగా, సగం సగం మాటలు మాట్లాడే పిల్ల ఒక్కసారిగా గొంతెత్తి అరిచింది. తనను చేతకానిదాన్ని చేసి, పసిపిల్లలా చూస్తున్నందుకు. నువ్వొద్దు పొమ్మంది. అంతే, ఆట అక్కడ ఆగిపోయింది. నేను చేసిన మంచి పనులన్నీ కలిపి ఆట దానికి పెట్టిన పేరు చెడ్డ ముగింపు.

మంచి ముగింపుకి దారి వేరే ఉంది. దాంట్లో వాడు తలుపు దగ్గర పట్టుబట్టడు. తన పనేదో తను చూసుకుంటాడు. ఆమె తనంతట తాను బయటికి వచ్చేదాకా ఆగగలుగుతాడు. కంప్యూటర్ ఆపేసి పడుకుంటే నిద్ర రాలేదు. "నొప్పి ఎక్కడమ్మా" అన్న డాక్టరు గొంతు తిరుగుతూనే ఉంది.

మర్నాడు ఫోన్ చేశాను. "ఏం చేస్తున్నవే?" "హుక్కులు కుడుతున్న. ఏంది సంగతి?" "ఏం లేదు." పెట్టేశాను.

ఆ తర్వాత రెండేళ్ళకి, సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథ అక్కకి చెప్పాను. మిషన్ మీద నుంచి తలెత్తకుండా విన్నది. కాళ్ళు లేని అమ్మాయి బొమ్మ ఫోన్లో చూపిస్తే, "ఇంత సక్కగున్నదేంది? నొప్పులు లేవా ఈమెకు?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఆటలో అమ్మాయిలందరూ అందగత్తెలే. కింద కూర్చుని లేవలేక గోడ పట్టుకోవడం, చలికాలం పొద్దున మంచం దిగడానికి అరగంట పట్టడం అక్కడ కనిపించవు. పెద్దలకి మాత్రమే అనే సీన్లు కూడా ఉన్నాయి, స్కూలు పిల్లల కథలో అవి నాకు మింగుడుపడలేదు. వాటిని ఆపేసే ఆప్షన్ ఇచ్చారు కాబట్టి ఆపేసుకుని చదివాను. పేరు సంగతి ముందే చెప్పాను. అయినా ఆ అరుపు రాసినవాళ్ళకి ఏదో తెలుసు.

హనాకో అరిచిన చోటు చెప్పినప్పుడు అక్క పెడల్ ఆపింది. అప్పటికింకా మోటారు పెట్టించలేదు.

"ఆ దినం సదరంల డాక్టరు నా పేరడిగితే నువ్వు జెప్పినవ్. నా పేరు గూడ నాకు రాదారా?"

నేనేం అనలేదు.

"నొప్పి మోకాళ్ళల్ల అన్నవ్. నాది నడుము నొప్పి."

మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి, మా ఊళ్ళో కొత్తగా పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. వాళ్ళు నవ్వితే నేను కాస్త ఎక్కువసేపే చూస్తాను. 2014లో 1500 ఉన్న అక్క పింఛను 4016 అయింది. హనాకో కథ మళ్ళీ ఆడలేదు. కానీ ఇదా అదా అని అడిగే ఆ రెండు వరసల పెట్టె మాత్రం నాకు అప్పుడప్పుడు కళ్ళ ముందు కనబడుతుంది.

మొన్న వేసవిలో కూడా కనబడింది. అక్క ఫోన్ చేసి, "నల్లగొండ వస్తున్న, మోటారు చెడిపోయింది. బస్సులో ఉన్న" అన్నది. ఒక్కతే. బస్టాండుకి రానా అని నోటి దాకా వచ్చింది. "సరే" అన్నాను.

అన్నానే గానీ, అరగంట ముందే వెళ్ళి బస్టాండు ఎదురుగా చాయ్ దుకాణం చాటున నిలబడ్డాను. బస్సు వచ్చింది. అక్క కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, మెల్లగా దిగింది. కండక్టరు చెయ్యి అందించబోతే తల ఊపి వద్దన్నది. దిగి చీర సర్దుకుని, నేరుగా నా వైపే చూసింది.

"ఏందిరా, ఆడ నిలబడ్డవ్?"

"చాయ్ తాగుతున్న."

"గ్లాసేది?"

నా చేతిలో గ్లాసు లేదు. రోడ్డు దాటి, తనే నా దగ్గరికి వచ్చింది. భుజానికి వేసుకున్న సంచి దించి నా చేతిలో పెట్టింది. నిండా బత్తాయిలు.

"ఎట్లనో వచ్చినవు గద, ఇది పట్టు. నేను మోటారు దుకాణంకు పోయొస్త."