అంబోరెల్లా: మారుతూ వచ్చిన వర్గం, మారని పేరు

నైరుతి పసిఫిక్ మహాసముద్రంలో, ఫ్రాన్స్ అధీనంలో ఉన్న న్యూ కాలెడోనియాలో గ్రాండ్ టేర్ అనే పెద్ద దీవి ఉంది. అంబోరెల్లా ట్రైకోపోడా అనే మొక్క సహజంగా పెరిగేది ఆ ఒక్క దీవిలోనే. అదీ కొండ అడవుల్లో, పెద్ద చెట్ల నీడన, తేమగా ఉండే చోట్ల. వర్గీకరణ చరిత్రలో నన్ను ఇంతగా ఆకట్టుకున్న మొక్క మరొకటి లేదు.

పందొమ్మిదో శతాబ్దంలో దీనిని శాస్త్రీయంగా వర్ణించి పేరు పెట్టినవాడు ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త ఆన్రీ బయ్యోఁ. మోనిమియేసి కుటుంబంలో అప్పట్లో అంబోరా అని పిలిచే ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) ఒకటి ఉండేది. దానికి దగ్గరి బంధువన్న ఉద్దేశంతో 'చిన్న అంబోరా' అనే అర్థం వచ్చేలా ఈ పేరు పుట్టింది. ఆ బంధుత్వం నిలవలేదు. 1948లో వృక్షశాస్త్రవేత్త పిషోఁ దీనికోసమే అంబోరెల్లేసి అనే కుటుంబాన్ని ఏర్పరచగా, నేటి వర్గీకరణ దీనికి ప్రత్యేక క్రమాన్నే కేటాయించింది. ఆ క్రమంలో ఉన్నది ఒక్క కుటుంబం, ఒక్క ప్రజాతి, ఒక్క జాతి. పేరు మాత్రం అలాగే ఉంది. అర్థం సరిపోలేదన్న కారణంతో శాస్త్రీయ నామాన్ని మార్చడానికి మొక్కల పేర్ల అంతర్జాతీయ నియమావళి ఒప్పుకోదు, అది సబబేనని నా అభిప్రాయం.

పువ్వును దగ్గరగా చూస్తే పాత శాస్త్రవేత్తల తికమక అర్థమవుతుంది. కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ లేత రంగు పువ్వులో రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు అన్న తేడా లేకుండా అన్నీ ఒకే తీరు రేకులు, సర్పిలాకారంలో అమరి ఉంటాయి. మగపూలు ఒక మొక్కకు, ఆడపూలు మరో మొక్కకు పూస్తాయి. అయినా ఆడపువ్వులో పుప్పొడి ఇవ్వని కేసరాలు ఒకటి రెండు మిగిలే ఉంటాయి. విత్తనాలు ఏర్పడే భాగమైన ఫలదళం అంచులు కణజాలంతో పూర్తిగా అతుక్కోక, స్రవించిన ద్రవంతో మూసుకుంటాయి. చాలా పూల మొక్కల కాండంలో నీటిని మోసే గొట్టాల్లాంటి దారునాళాలు దీనిలో అసలే లేవు.

1999లో వెలువడిన డీఎన్ఏ పరిశోధనలు ఈ మొక్కను పుష్పించే మొక్కలన్నిటి వంశవృక్షంలో మొట్టమొదట చీలిన శాఖగా గుర్తించాయి. అప్పటినుంచి చాలామంది దీనిని 'తొలి పువ్వు' అని రాస్తున్నారు, అది సరికాదు. ఒక శాఖ ముందుగా విడిపోయినంత మాత్రాన అది పూర్వీకురాలు కాదు. మిగతా శాఖలు మారినన్నాళ్లూ ఇదీ మారుతూనే వచ్చింది. కణాలకు శక్తినిచ్చే భాగాలైన దీని మైటోకాండ్రియాలో నాచు మొక్కలనుంచి, ఆకుపచ్చ శైవలాలనుంచి, ఇతర పుష్పించే మొక్కలనుంచి వచ్చి చేరిన జన్యువులు ఉన్నాయని 2013లో తేలడమే ఇందుకు నిదర్శనం.