హార్డ్‌వేర్‌ను, సాఫ్ట్‌వేర్‌ను విడదీయకుండా చదవడం గురించి

పదో తరగతి తరువాత పాలీసెట్ రాసి కంప్యూటర్ ఇంజినీరింగ్ డిప్లొమాలో చేరే మా అనంతపురం పిల్లలు మొదటి సంవత్సరంలోనే తరచుగా వినే మాట ఒకటుంది: సాఫ్ట్‌వేర్ మీద మనసు పెట్టు, హార్డ్‌వేర్ పేపర్లు పాసైతే చాలు. పెద్దలు ఈ మాట ఎందుకంటారో తేలికగానే అర్థమవుతుంది. బెంగళూరు మాకు కొన్ని గంటల ప్రయాణం. అక్కడ ఉద్యోగం చేస్తున్న బంధువో, పొరుగింటి అబ్బాయో ప్రతి వీధిలోనూ ఉంటారు, వాళ్లలో ఎక్కువమందిది సాఫ్ట్‌వేర్ పనే. హార్డ్‌వేర్ అంటే మాత్రం బజారులో స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసే మరమ్మతు అన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. డిప్లొమా పూర్తిచేసి, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోకి వచ్చిన తరువాత, ఈ విభజన వల్ల విద్యార్థులు ఎంత పోగొట్టుకుంటున్నారో నాకు మరింత స్పష్టంగా కనిపిస్తోంది. ఈ రెండింటినీ ఒకే కోర్సులో, పక్కపక్క ల్యాబ్‌లలో నేర్పడమే డిప్లొమాకున్న అసలు బలమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ నమ్మకానికి బీజం వేసింది సి భాష ల్యాబ్‌లో అందరూ రాసే ఫాక్టోరియల్ ప్రోగ్రాము, అంటే ఒకటి నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నింటినీ గుణించేది. చాలా కళాశాలలలో ఇప్పటికీ టర్బో సి అనే పాత కంపైలర్‌ను (ప్రోగ్రామును యంత్ర భాషలోకి మార్చే సాధనాన్ని) వాడుతున్నారు. అందులో ఫలితాన్ని ఇంట్ (పూర్ణ సంఖ్యలకు వాడే రకం) చరరాశిలో ఉంచి 7 ఇస్తే 5040 అని సరిగ్గానే వస్తుంది. 8 ఇస్తే మైనస్ 25216 అని వస్తుంది. ప్రోగ్రాములో ఒక్క తప్పు ఉండదు, కంపైలర్ ఒక్క హెచ్చరిక చేయదు, అయినా ధన సంఖ్యలను గుణిస్తే రుణ సంఖ్య వచ్చింది. ఇంట్ బదులు లాంగ్ (ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే రకం) అని రాయమని రికార్డులో ఉంటుంది, అలా రాస్తే సరైన జవాబు వస్తుంది, అక్కడితో విషయం ముగిసిపోతుంది.

ఆ తరువాత మైక్రోప్రాసెసర్ల పాఠంలో 8086 వస్తుంది. 1978లో ఇంటెల్ తెచ్చిన ఆ ప్రాసెసర్‌లోని రిజిస్టర్లు, అంటే లెక్క చేసేటప్పుడు సంఖ్యలను ఉంచుకునే గదులు, 16 బిట్లవి. టర్బో సి ఆ కుటుంబానికి చెందిన యంత్రాల కోసం తయారైన కంపైలర్ కాబట్టి అందులో ఇంట్ అంటే రెండు బైట్లే, అది పట్టగలిగేది మైనస్ 32768 నుంచి 32767 వరకే. ఎనిమిది ఫాక్టోరియల్ విలువ 40320. అది ఆ హద్దును దాటి, 16 బిట్లలో పట్టే మొత్తం విలువల సంఖ్య అయిన 65536 తగ్గిపోయి, మైనస్ 25216గా కనిపిస్తుంది. అంటే సి ల్యాబ్‌లో పుట్టిన ప్రశ్నకు జవాబు మైక్రోప్రాసెసర్ల పుస్తకంలో ఉంది. అదే ప్రోగ్రామును లినక్స్‌లో జీసీసీ అనే కంపైలర్‌తో నడిపితే ఇంట్ నాలుగు బైట్లు కావడం వల్ల 12 ఫాక్టోరియల్ దాకా, అంటే 479001600 వరకూ, జవాబులు సరిగ్గా వస్తాయి. 13 ఇచ్చినప్పుడు 6227020800 రావలసిన చోట 1932053504 వస్తుంది. ఈ రెండోదే నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది, ఎందుకంటే రుణ సంఖ్య వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, కానీ ఇది చూడడానికి సరైన సంఖ్యలాగే ఉంటుంది. బిట్ల లెక్క తెలియనివారు దానిని నమ్మి ముందుకు సాగిపోతారు.

సాఫ్ట్‌వేర్ సమస్యకు మూలం హార్డ్‌వేర్‌లో ఉండడం బయట ఇంకా ఎక్కువ. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే, రూపాయి బిళ్ల ఆకారంలో ఉండే 3 వోల్టుల సెల్ ఒకటి ఉంటుంది. కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ తెరిస్తే బ్యాంకు వెబ్‌సైటు, దరఖాస్తుల వెబ్‌సైటు ఏదీ సురక్షితం కాదని హెచ్చరిక వస్తుంది. ప్రతి సైటుకూ ఒక డిజిటల్ సర్టిఫికెట్, దానికి చెల్లుబాటు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి, బ్రౌజర్ వాటిని కంప్యూటర్ గడియారంతో పోల్చి చూస్తుంది. గడియారం పాత సంవత్సరంలో ఆగిపోయి ఉంటే సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని దానికి తోస్తుంది. మా ప్రాంతంలోని ఒక నెట్ సెంటర్‌లో ఇదే లక్షణానికి విండోస్ మొత్తం ఫార్మాట్ చేయడం నేను చూశాను. ఫార్మాట్ తరువాత తేదీ సరిచేశారు కనుక పని జరిగింది, కరెంటు పోగానే మళ్లీ మొదటికి వచ్చింది. కొద్ది రూపాయల సెల్ మారిస్తే తీరే సమస్య అది. సర్టిఫికెట్ల సంగతి మాత్రమే తెలిసినా, సెల్ సంగతి మాత్రమే తెలిసినా ఆ రెండింటినీ కలిపి ఆలోచించడం కష్టం.

మా ఊరి వాతావరణం కూడా ఈ చదువులో భాగమే అనుకుంటాను. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు, వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దుమ్ముకు కొదవ లేదు. ప్రాసెసర్ మీది హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు దిమ్మ) రెక్కల మధ్య ఆ దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు, వేడి పెరుగుతుంది, తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ తన వేగాన్ని తగ్గించుకుంటుంది. కూర్చున్నవారికి మాత్రం విండోస్ నెమ్మదించిందనో, వైరస్ పట్టిందనో అనిపిస్తుంది. యాంటీవైరస్ వేసినా గుణం కనిపించదు. బ్లోయర్‌తో దుమ్ము ఊది, థర్మల్ పేస్టు మార్చిన తరువాత అదే యంత్రం మళ్లీ చురుగ్గా పనిచేయడం చూసినవారు ఆ సంగతిని మరచిపోరు. పొడి గాలికి మరో గుణం ఉంది. మన ఒంటి మీద స్థిర విద్యుత్తు తేలికగా చేరుతుంది. దాదాపు 3000 వోల్టులకు చేరితే తప్ప ఆ చురుకు మనకు తెలియదు, చిప్‌లు మాత్రం అంతకంటే చాలా తక్కువకే దెబ్బతినగలవు. ర్యామ్ స్టిక్‌ను ముట్టుకునే ముందు కేబినెట్ లోహపు భాగాన్ని తాకమని ల్యాబ్‌లో పదే పదే చెప్పేది అందుకే, అది మొక్కుబడి నియమం కాదు.

ఇక నెట్‌వర్కింగ్ ల్యాబ్‌లో కేబుల్ క్రింపింగ్, అంటే నెట్‌వర్క్ కేబుల్ చివర ప్లగ్గు బిగించడం. టీ568బీ పద్ధతిలో తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అన్న వరుసను అందరం కంఠస్థం చేస్తాం. ఆకుపచ్చ జత మూడో పిన్నుకూ ఆరో పిన్నుకూ ఎందుకు విడిపోయిందని అడిగేవారు మాత్రం తక్కువ. రెండు చివరలా ఒకేలా ఉంటే ఏ వరుసైనా ఫర్వాలేదని కొందరు రంగుల జతలను పక్కపక్కనే పెట్టి కొడతారు. టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వరుసగా వెలుగుతాయి, కేబుల్ బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ వేగం పడిపోతుంది లేదా కనెక్షన్ మాటిమాటికీ తెగిపోతుంది. ఒక సంకేతం వెళ్లే రెండు తీగలు ఒకదానికొకటి మెలిపడి ఉంటేనే బయటి అలజడి రెండింటి మీదా సమానంగా పడి రద్దవుతుంది. మూడు, ఆరు పిన్నులను ఒకే సంకేతానికి వాడతారు కాబట్టి ఆ రెండు చోట్లకూ ఒకే మెలికలోని తీగలు చేరాలి. వరుస మారితే ఆ సంకేతానికి వేర్వేరు మెలికలలోని తీగలు దొరికి రక్షణ పోతుంది. టెస్టర్ పరీక్షించేది తీగ తెగిందా లేదా అన్నదే గాని, జత సరైనదా కాదా అన్నది కాదు.

ఈ ఊరికి ఇంజినీరింగ్ చదువు కొత్త కాదు. 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో ఇక్కడికి తరలివచ్చిన కళాశాలే నేటి జేఎన్‌టీయూ అనంతపురానికి మూలం. అంత చరిత్ర ఉన్న చోట చేతిపనిని తక్కువగా చూడడం నాకు బాధ కలిగిస్తుంది. నేను చూసిన కొన్ని ల్యాబ్‌లలో కేబినెట్ మూత ఎక్స్‌టర్నల్ పరీక్షల రోజున మాత్రమే తెరుచుకునేది. వైవాలో అడిగే నిర్వచనాలు అప్పజెప్పగలిగితే మార్కులు వచ్చేవి. పాడైన పాత కంప్యూటర్లు ప్రతి కళాశాలలోనూ ఒక మూల పడి ఉంటాయి. వాటిని మొదటి సంవత్సరం నుంచే పిల్లల చేతికిచ్చి విప్పించి, మళ్లీ బిగించి, లినక్స్ ఎక్కించేదాకా వదలకుండా చేయించాలని అధ్యాపకులను కోరుతున్నాను. దీనికి అదనంగా పెద్ద ఖర్చేమీ ఉండదు.

ఇప్పుడు డిప్లొమా చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక ప్రయోగం సూచిస్తాను. ల్యాబ్‌లోని లినక్స్ యంత్రంలో ఎల్ఎస్‌సీపీయూ (lscpu) అన్న కమాండ్ ఇవ్వండి. ప్రాసెసర్ పేరుతో పాటు కాష్ మెమొరీ (ప్రాసెసర్ దగ్గరే ఉండే చిన్న, వేగవంతమైన మెమొరీ) పరిమాణాలు కనిపిస్తాయి. తరువాత సి భాషలో 4096 అడ్డు వరుసలు, 4096 నిలువు వరుసలు ఉన్న ఇంట్ శ్రేణిని గ్లోబల్‌గా ప్రకటించి, అందులోని సంఖ్యలన్నింటినీ మొదట అడ్డు వరుసల వెంబడి, తరువాత నిలువు వరుసల వెంబడి కూడండి. లూపులు రెండింటినీ తారుమారు చేయడమే తేడా. ఆ శ్రేణి మెమొరీలో 64 మెగాబైట్లు ఆక్రమిస్తుంది, చాలా కంప్యూటర్లలో కాష్‌కు అది పట్టదు. కూడికల సంఖ్య ఒకటే, జవాబు ఒకటే, కానీ నిలువుగా కూడితే పట్టే సమయం సాధారణంగా ఎన్నో రెట్లు ఎక్కువ. మన కంప్యూటర్లలో ప్రాసెసర్ మెమొరీ నుంచి ఒక్కొక్క సంఖ్యను కాకుండా ఒకేసారి 64 బైట్లను, అంటే 16 సంఖ్యలను, కాష్‌లోకి తెచ్చుకుంటుంది. అడ్డంగా వెళితే ఆ పదహారూ వెంటనే ఉపయోగపడతాయి, నిలువుగా వెళితే ఒకదానిని వాడి మిగిలినవి వదిలేయవలసి వస్తుంది. రెండు సమయాలనూ కొలిచి, శ్రేణి పరిమాణాన్ని 256కు, 1024కు మార్చి మళ్లీ కొలిచి, ఎక్కడినుంచి తేడా పెరుగుతోందో మీ కాష్ పరిమాణంతో పోల్చి రికార్డులో రాయండి. సిలబస్‌లో లేకపోయినా ఫర్వాలేదు.