మామ-తాత, ఎడమ చెయ్యి

వ్యాసం రెండు పేజీలకు మించరాదని, పాస్‌పోర్టు సైజు ఫోటో జతపరచాలని, జీవితంలో సాధించిన విజయాలను తప్పక పేర్కొనాలని మన బడి పూర్వ విద్యార్థుల సమావేశ సంచిక కమిటీ వారు రాశారు. ఇన్నేళ్ళుగా డ్రమ్స్ వాయించి బతుకుతున్నవాణ్ణి విజయాల పట్టిక రాయమనడం మన క్లాసులో బఠాణీ అని పిలిచేవాణ్ణి వ్యాసరచన పోటీకి పంపినట్టే ఉంటుంది. అయినా మన 1984 పదో తరగతి బ్యాచి నుంచి ఒక్క వ్యాసమూ రాలేదని కార్యదర్శి గారు మూడుసార్లు ఫోను చేసినందువల్ల, "మామ-తాత" అని పిలిస్తే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూసే ఈ మిత్రుడు కలం పట్టుకుంటున్నాడు.

తొమ్మిదో తరగతిలో ఏమి చదివామో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. లెక్కల మాస్టారి సుద్దముక్క గురి గురించీ, నీళ్ళ ట్యాంకు సంగతి గురించీ మనం ట్రాన్సిస్టరు అని పిలిచే మిత్రుడు ఎలాగూ రాస్తాడు. నాకు గుర్తున్నదల్లా డ్రిల్లు మాస్టారు, స్టోరు గదిలో మేము డ్రమ్ము పుల్లలతో సాధన చేయడానికి బల్ల మీద ఆయన పరిచి ఉంచిన పాత సైకిలు ట్యూబు. సైన్యంలో హవల్దారుగా పనిచేసి వచ్చిన ఆయన, రెజిమెంటు బ్యాండులో తాను నేర్చుకున్న పద్ధతినే ఏ మార్పూ లేకుండా మాకు నేర్పారు. సైడ్ డ్రమ్మును భుజానికి వేలాడదీసుకున్నప్పుడు అది ఒక పక్కకు ఒరుగుతుంది; ఎడమ అంచు పైకి, కుడి అంచు కిందికి ఉంటుంది. కుడి చేత్తో పుల్లను సుత్తి పట్టుకున్నట్టు పట్టుకుంటే సరిపోతుంది గాని, ఎడమ చేత్తో కూడా అలాగే పట్టుకుంటే మోచెయ్యి చెవి దాకా లేస్తుంది. అందువల్ల ఎడమ అరచేతిని పైకి తిప్పి, పుల్లను బొటనవేలి సందులో ఇరికించి, ఉంగరపు వేలి మీద ఆనించాలి. ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు: కుడి చేత్తో "మామ", ఎడమ చేత్తో "తాత". ఆ మామ-తాతలను క్రమంగా వేగం పెంచుతూ పోతే, దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఆగని ఉరుములాంటి రోల్ వస్తుంది. నా ఎడమ చేతికి ఆ రోల్ రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ బఠాణీ కిటికీ అవతల నిలబడి మా మామను, తాతను పేరుపేరునా పరామర్శిస్తూ ఉండేవాడు.

ఇక 1983 ఆగస్టు 15. ముఖ్య అతిథి గారు తాడు లాగిన క్షణం నుంచి జెండా విచ్చుకునే వరకు రోల్ ఆగకూడదన్నది మాస్టారి ఆజ్ఞ. మామూలుగా అది పది సెకన్ల పని. ఆయన లాగారు, ముడి విడలేదు. హెడ్మాస్టరు గారు కూడా ఒక చెయ్యి వేసి లాగారు; ముడి మరింత బిగుసుకుంది. నేను డ్రిల్లు మాస్టారి వైపు చూశాను. ఆయన సావధాన్‌లో నిలబడి, కనుబొమ్మ కూడా కదపకుండా, కళ్ళతోనే "ఆపకు" అన్నారు. మన క్లాసు కోతిబావ చొక్కా విప్పి స్తంభం ఎక్కడం, సగం దూరం నుంచి జారిపోవడం, మళ్ళీ ఎక్కడం, వందన సమర్పణ చేయవలసిన సోషల్ మాస్టారు మైకు దగ్గర నిలబడి మాటిమాటికీ గొంతు సవరించుకోవడం, ఇవన్నీ ఆ రోల్ మీదనే జరిగాయి. అది నాలుగు నిమిషాలని నా లెక్క. కార్యదర్శి గారు పది అంటున్నారు. పాతిక అన్నవాళ్ళనూ విన్నాను. చివరకు జెండా విచ్చుకుని, బంతిపూల రేకులన్నీ ముఖ్య అతిథి గారి కళ్ళజోడు మీద రాలాయి. ముడి వేసినదెవరో ఈ సంచిక చదివేవారందరికీ తెలుసు. ఆయన ఇప్పుడు సంఘానికి కోశాధికారి కనుక నేను రాయను. నా ఎడమ బొటనవేలి సందులో తోలు లేచిపోయింది. మాస్టారు స్టోరు గదిలో టింక్చరు పూసి, "చివర్లో తాత కొంచెం నీరసించాడురా" అని మాత్రం అన్నారు.

ఇంటర్మీడియట్ నుంచి పెళ్ళి వరకు జరిగిన సంగతులు ఇక్కడ అనవసరం. చవితి పందిళ్ళలోను, శ్రీరామనవమి పందిళ్ళలోను ఆర్కెస్ట్రాలతో వాయించాను. ఎడమ చేత్తో తీర్థం పుచ్చుకుంటున్నావేమిటని అక్కడి కీబోర్డు ఆయన ఎగతాళి చేసేవారు. బెంగళూరు వచ్చి ఇంగ్లీషు పాటల రాక్ బ్యాండులో చేరాక ఎగతాళి ఇంగ్లీషులో సాగింది. 1964లో బీటిల్స్ బ్యాండు అమెరికా టీవీలో కనిపించిన తరువాత, వాళ్ళ డ్రమ్మరు రింగో స్టార్ మాదిరిగా రెండు చేతులనూ ఒకే రకంగా పట్టుకోవడం రాక్ వాళ్ళకు ఆనవాయితీ అయింది. నేను కూడా సిగ్గుపడి పట్టు మార్చుకోబోతున్న రోజుల్లో, మా గిటారిస్టు ఒక రోజు రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండు వీడియో క్యాసెట్టు పెట్టాడు. వెనక కూర్చుని వాయిస్తున్న వాళ్ళ డ్రమ్మరు చార్లీ వాట్స్ ఎడమ అరచెయ్యి పైకి తిరిగి ఉంది. పుల్ల బొటనవేలి సందులో ఉంది.

చార్లీ వాట్స్ 1941లో లండన్‌లో పుట్టాడు. చిన్నతనంలో కొనుక్కున్న బాంజో అనే తీగవాద్యానికి మెడ ఊడబీకి, మిగిలిన దానిని డ్రమ్ముగా వాయించాడు. చిత్రకళ చదివి, గ్రాఫిక్ డిజైనరుగా పనిచేసి, 1963 జనవరిలో ఆ బ్యాండులో చేరి, 2021లో మరణించేవరకు అందులోనే ఉన్నాడు. మనసంతా జాజ్ మీద ఉండేది. ఎడమ చేతి పట్టు అక్కడి నుంచి వచ్చినదే. జాజ్ వాళ్ళకు అది సైనిక బ్యాండ్ల డ్రమ్ముల నుంచి వచ్చింది. ఊళ్ళు తిరిగేటప్పుడు, బస చేసిన ప్రతి హోటలు గదిలోని మంచాన్నీ బొమ్మ గీసుకునేవాడు. నేను పడుకున్న లాడ్జీల మంచాలను గీయడం మొదలుపెడితే ఈ సంచిక చాలదు. ఆయన చేతిలో మరో చమత్కారం ఉంది: ఎడమ చెయ్యి ముందున్న స్నేర్ డ్రమ్ము మీద పడే క్షణాన కుడి చెయ్యి హై-హ్యాట్‌ను (కాలితో నొక్కే జంట తాళాలను) వదిలేసి గాలిలోకి లేస్తుంది. తక్కిన వాళ్ళం రెండింటినీ కలిపి కొట్టేస్తాం. ఆయన స్నేర్ దెబ్బ అంత శుభ్రంగా వినిపించడానికి అదొక కారణం.

2003 ఏప్రిల్ 4న ఆయన్ను బెంగళూరులో కళ్ళారా చూశాను. ఆ వేసవిలో మన ఊరు వచ్చినప్పుడు, పత్రికలో పడిన ఫోటో ఒకటి కత్తిరించి డ్రిల్లు మాస్టారి దగ్గరకు తీసుకువెళ్ళాను. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. ఫోటోను కిటికీ వెలుతురులో పెట్టి, ముఖం వైపు చూడకుండా ఎడమ చేతిని చాలాసేపు పరీక్షించి, "ఏ రెజిమెంటురా ఈయనది?" అని అడిగారు. లండన్ అని చెప్పాను. అంతే.

విజయాలు కూడా రాయమన్నారు కనుక: మీలో కొందరు ఫోన్లలో రింగ్‌టోన్‌గా పెట్టుకున్న రెండు సినిమా పాటల్లో వినిపించేవి నా దెబ్బలే, క్యాసెట్ల అట్టల మీద పేరు ఉండదు. ఇల్లు కట్టాను. పిల్లలకు డ్రమ్స్ నేర్పుతున్నాను. మొదటి నెల వాళ్ళందరికీ మామ-తాతే పాఠం. హై-హ్యాట్ వైపు ఉండే ఎడమ చెవి కొంత మొద్దుబారింది కాబట్టి, సమావేశంలో నన్ను పలకరించేవారు దయచేసి కుడి పక్కన నిలబడాలి. కమిటీ వారు కోరినట్టు సైడ్ డ్రమ్ము తెస్తాను. జెండా తాడు దగ్గరికి మాత్రం కోశాధికారి గారిని రానీయవద్దని మనవి.